ఎయిడ్స్ పోయిందని మీకెవరు చెప్పారు?

“ఎయిడ్స్ ఇంకా ఉందా?”

చదువుకున్నవాళ్లే అడుగుతారు ఈ మాట. కాఫీ తాగుతూ అడుగుతారు. ఎప్పుడో తెరమరుగైన సినిమా నటుడు ఇంకా బతికే ఉన్నాడా అని అడిగినట్టు అడుగుతారు.

ఉంది.

2024లో ఆ జబ్బుతో ప్రపంచంలో 6 లక్షల 30 వేల మంది చనిపోయారు. అదే ఏడాది కొత్తగా 13 లక్షల మందికి హెచ్‌ఐవీ సోకింది. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం కట్టిన అంచనాలివి. నిమిషానికి ఒక చావు కంటే ఎక్కువ. ఈ సంగతి మీ పేపర్లో మొదటి పేజీలో ఎప్పుడు చూశారు? రాత్రి తొమ్మిది గంటలకు గొంతులు చించుకునే చానెళ్లలో ఒక్కటైనా దీని మీద చర్చ పెట్టిందా? పెడితే మీరు చూసేవారా?

ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది, ఎందుకు? అది అడగాలి.

ఎప్పుడైనా అడిగారా?

2010 నుంచి ఏ ప్రాంతంలో కొత్త కేసులు ఎలా నడిచాయో చూపించే గ్రాఫులు ఏటా వస్తాయి. ఒక్కసారి కళ్లు తెరిచి చూడండి. తూర్పు, దక్షిణ ఆఫ్రికా గీత సగానికి పైగా కిందికి దిగింది. అవును, ఆఫ్రికాయే. “ఆఫ్రికా జబ్బు” అని మీరు పేరు పెట్టి పక్కకు నెట్టిన చోటే అన్నిటికంటే ఎక్కువగా తగ్గింది. మరి పైకి పోతున్న గీతలు ఎవరివి? తూర్పు యూరప్, మధ్య ఆసియా. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా. లాటిన్ అమెరికా. మన ఆసియా మొత్తమ్మీద తగ్గుతోంది గానీ, అందులోనే ఫిలిప్పీన్స్‌లో ఏటా వచ్చే కొత్త కేసులు 2010తో పోలిస్తే అయిదు రెట్లు దాటాయి. పసిఫిక్‌లో చిన్న దేశం ఫిజీ. అక్కడి ప్రభుత్వం 2025 జనవరిలో హెచ్‌ఐవీ విజృంభణ ప్రకటించాల్సి వచ్చింది.

ఇది చూసి మీరేమంటారో నాకు తెలుసు. “అక్కడి జనం అలాంటివాళ్లు.”

ఎలాంటివాళ్లు?

వైరస్‌లో రకాలున్నాయి, నిజమే. కానీ ఒక దేశాన్ని ముంచి ఇంకో దేశాన్ని వదిలేసింది ఆ రకాలు కావు. జనం నడవడికా కాదు. గీతను పైకి ఎక్కించేది మనుషులు తీసుకునే నిర్ణయాలు. ఆఫీసుల్లో, మంత్రివర్గాల్లో, కంపెనీ బోర్డుల్లో, చివరికి మీ ఇంటి హాల్లో తీసుకునే నిర్ణయాలు.

నమ్మరా? రెండు దేశాలు చూపిస్తాను.

1989లో థాయిలాండ్‌లోని చియాంగ్ మై ఊళ్లో వ్యభిచార గృహాల్లో పనిచేసే ఆడవాళ్లకు పరీక్షలు చేశారు. నూటికి 44 మందికి పాజిటివ్. అదే సమయంలో దక్షిణాఫ్రికాలో గర్భిణులకు పరీక్షలు చేస్తే 1990లో నూటికి ఒక్కరికి కూడా లేదు. ఆ రోజు ఎవరినైనా పందెం కాయమంటే ఏ దేశం మునిగిపోతుందని చెప్పేవారు? థాయిలాండ్ అని కళ్లు మూసుకుని చెప్పేవారు.

థాయిలాండ్ ఏం చేసింది? సిగ్గుపడుతూ కూర్చోలేదు. 1991లో ప్రధాని ఆనంద్ పన్యారచున్ ఎయిడ్స్ కమిటీకి తనే అధ్యక్షుడయ్యారు. మేచాయ్ వీరవైద్య అనే మనిషి కండోమ్ గురించి ఎంత బాహాటంగా మాట్లాడారంటే, జనం ఆయనకు మిస్టర్ కండోమ్ అని పేరు పెట్టేశారు. వ్యభిచార గృహాలన్నిటికీ ప్రభుత్వమే ఉచితంగా కండోమ్‌లు ఇచ్చింది. వాడకపోతే మూయిస్తామంది. రేడియోలో, టీవీలో రోజూ అదే మాట. 1991లో లక్షా నలభై వేలకు పైగా ఉన్న కొత్త కేసులు 2003 నాటికి ఇరవై వేల లోపుకు వచ్చాయి.

దక్షిణాఫ్రికా? 2000 సంవత్సరానికి గర్భిణుల్లో నూటికి 24 మంది దాటారు. ఒక శాతం లోపు నుంచి 24 శాతానికి, పదేళ్లలో. మొదట వర్ణవివక్ష ప్రభుత్వానికి నల్లవాళ్ల చావు పట్టలేదు. తర్వాత వచ్చిన సొంత ప్రభుత్వానికి వేరే పనులెక్కువయ్యాయి. ఆ పైన అధ్యక్షుడు థాబో ఎంబెకీ అసలు ఎయిడ్స్‌కి కారణం హెచ్‌ఐవీయేనా అని అనుమానాలు లేవదీశారు. ఆయన ఆరోగ్యమంత్రి మాంటో షబలాలా సిమాంగ్ వెల్లుల్లి, నిమ్మకాయ, బీట్‌రూట్ తినమని చెప్పారు. నవ్వకండి. మందులు ఆలస్యం చేసినందుకు 2000 నుంచి 2005 దాకా 3 లక్షల 30 వేలకు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు తర్వాత లెక్కగట్టారు. మన దగ్గర కరోనా వచ్చినప్పుడు ఆవు మూత్రం సీసాలు పట్టుకు తిరిగినవాళ్లకు బీట్‌రూట్ మంత్రిని చూసి నవ్వే హక్కు ఎక్కడిది?

థాయిలాండ్ కూడా దేవతల దేశం కాదు లెండి. సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లను అది మనుషుల లెక్కలో వేయలేదు. 2003లో మత్తుమందుల మీద యుద్ధమని రెండు వేల మందికి పైగా చంపారు. సూదులు వాడేవాళ్లలో హెచ్‌ఐవీ మాత్రం తగ్గలేదు. ఒకే దేశం, రెండు గీతలు. ఎవరిని మనిషి అనుకున్నారో వాళ్ల గీత దిగింది. ఎవరిని చెత్త అనుకున్నారో వాళ్ల గీత దిగలేదు.

ఇంకా వైరస్‌దే తప్పంటారా?

1996లో మందు దొరికింది. మూడు మందులు కలిపి వేస్తే చావాల్సిన మనిషి లేచి ఆఫీసుకు వెళ్లాడు. అమెరికాలో మరుసటి ఏడాదే ఎయిడ్స్ చావులు దాదాపు సగానికి పడిపోయాయి. ఆ మందు ఖరీదు ఏడాదికి పది నుంచి పదిహేను వేల డాలర్లు. ఆఫ్రికాలో ఆ డబ్బు ఎవరి దగ్గరుంది? అక్కడ చావులు పెరుగుతూ పోయి, 2004 వచ్చేసరికి ప్రపంచంలో ఏడాదికి ఇరవై లక్షలు దాటాయి. మందు ఉంది. మనుషులు చచ్చారు. ఎనిమిదేళ్లు.

ఆ ఎనిమిదేళ్లూ పెద్దమనుషులు ఏం మాట్లాడుకున్నారు? అమెరికా విదేశీ సహాయ సంస్థకు అప్పటి అధిపతి ఆండ్రూ నాట్సియోస్ 2001లో చెప్పిన సంగతి వినండి. ఆఫ్రికావాళ్లకు గడియారం చూసే అలవాటు లేదట, వేళకు మందులు వేసుకోలేరట. తర్వాత ఏమైంది? వేసుకున్నారు. బ్రహ్మాండంగా వేసుకున్నారు. ఈనాడు మందు పొందుతున్న మూడు కోట్ల మందికి పైగా జనంలో ఎక్కువమంది వాళ్లే. గడియారం లేని చేతులే గీతను కిందికి లాగాయి.

డర్బన్‌లో 2000 జూలైలో పదకొండేళ్ల పిల్లాడు ఎన్‌కోసి జాన్సన్ ప్రపంచ సదస్సు వేదికెక్కి, గర్భిణులకు మందివ్వండి, పిల్లలకు రాకుండా చూడండి అని అడిగాడు. మరుసటి ఏడాది జూన్ 1న చనిపోయాడు. పన్నెండేళ్లు.

ఆ పిల్లాడు అడిగినప్పుడు మందు లేదా? ఉంది!

2001 ఫిబ్రవరిలో ముంబైలోని సిప్లా కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ ఏడాది మందులు 350 డాలర్లకు ఇస్తామన్నారు. రోజుకు డాలర్ కంటే తక్కువ. పది వేల డాలర్లు ఎక్కడ, 350 ఎక్కడ? మన 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చేది కాబట్టి అది సాధ్యమైంది. ఆ రోజుల్లోనే 39 మందుల కంపెనీలు దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద కోర్టుకెక్కి ఉన్నాయి, చౌక మందులకు దారి తీసే చట్టం చేసినందుకు. ప్రపంచం ఉమ్మేస్తే 2001 ఏప్రిల్‌లో కేసు వెనక్కి తీసుకున్నాయి. జాకీ అక్మత్ అనే పాజిటివ్ మనిషి, పేదవాడికి దొరికేదాకా నేనూ మందు వేసుకోనని ఏళ్ల తరబడి మొండికేసి కూర్చున్నారు. అలాంటివాళ్ల వల్ల దిగింది గీత. దానంతటది దిగలేదు.

ఇక రష్యా. అక్కడ వైరస్ మొదట సూదుల ద్వారానే పాకిందని అందరికీ తెలుసు. శుభ్రమైన సూదులివ్వాలి, మత్తుకు బదులు మెథడోన్ అనే మందు ఇవ్వాలి, తగ్గుతుందని ఎన్నో దేశాలు చేసి చూపించాయి. పోర్చుగల్ 2001 నుంచి మత్తుమందు వాడేవాడిని జైలుకు కాకుండా వైద్యానికి పంపింది, వాళ్లలో హెచ్‌ఐవీ బాగా పడిపోయింది. రష్యాలో మెథడోన్ ఇవ్వడమే నేరం. నమోదైన కేసులు పది లక్షలు ఎప్పుడో దాటాయి. 2014లో క్రిమియాను కలిపేసుకోగానే అక్కడ ఉక్రెయిన్ ఇస్తున్న ఆ వైద్యాన్ని ఆపేశారు. సుమారు 800 మందిని ఒక్కసారిగా రోడ్డున పడేశారు.

అది నియంతల దేశం అంటారు కదా మీరు. అమెరికాకు రండి. ఇండియానా రాష్ట్రంలో ఆస్టిన్ అని నాలుగు వేల చిల్లర జనాభా ఉన్న ఊరు. 2015లో బయటపడ్డ విజృంభణలో ఆ చుట్టుపక్కల సూదుల ద్వారా రెండొందల మందికి పైగా సోకింది. వాడిన సూది తీసుకుని కొత్తది ఇవ్వడం అప్పట్లో రాష్ట్ర చట్టానికి విరుద్ధం. కేసులు బయటపడ్డాక కూడా గవర్నర్ మైక్ పెన్స్ వారాల తరబడి తటపటాయించి, ప్రార్థన చేసుకుని, అప్పుడు ఒప్పుకున్నారు. రెండేళ్లకు దేశ ఉపాధ్యక్షుడయ్యారు.

ఎవరికైనా సిగ్గేసిందా?

ఎన్నని చెప్పను? హీమోఫీలియా ఉన్నవాళ్లకు కలుషితమని తెలిసిన రక్తపదార్థాన్నే 1985లో పంచిన ఫ్రాన్స్ అధికారులు, అనాథాశ్రమాల్లో పసిపిల్లలకు ఒకే సూదితో రక్తమెక్కించిన చౌషెస్కూ రొమేనియా, 1980ల చివర్లో ఆఫ్రికా విద్యార్థులకు రక్తపరీక్షలు చేసి పాజిటివ్ వస్తే ఇంటికి తోలేసిన మన దేశం, రక్తదానం చేయడానికి వెళ్లిన డొమినిక్ డిసౌజాని 1989లో నేరస్తుడిలా 64 రోజులు బంధించిన గోవా, పాజిటివ్ అయితే గడప తొక్కనివ్వమని 1987 నుంచి 2010 దాకా చట్టం పెట్టుకున్న అమెరికా, హెనాన్ పల్లెల్లో రైతుల ప్లాస్మా కొని ఊళ్లకు ఊళ్లకే అంటించి ఆ సంగతి బయటపెట్టిన ముసలి డాక్టరమ్మ గావ్ యావోజీయే దేశం విడిచిపోయేలా వెంటాడిన చైనా అధికారులు, 2014లో కంబోడియాలోని రోకా ఊళ్లో వాడిన సూదినే వాడి రెండొందల మందికి పైగా అంటించిన లైసెన్సు లేని వైద్యుడు, 2019లో పాకిస్తాన్‌లోని లర్కానా దగ్గర జ్వరానికి ఇంజెక్షన్ వేయించుకున్న వందలాది చిన్నపిల్లలకు వైరస్ అంటించిన సూదులు, స్వలింగ సంపర్కులు భయపడి క్లినిక్‌కి రాకుండా దాక్కునేలా 2023లో కొత్త చట్టం తెచ్చిన ఉగాండా, పర్సులో కండోమ్ దొరికిందని సెక్స్ వర్కర్ని స్టేషన్‌కి లాక్కెళ్లే పోలీసులు, కేసు షీటు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసి వార్డంతా చాటే ఆస్పత్రులు, రిపోర్టు చూడగానే ఆపరేషన్ వాయిదా వేసి ఇంకెక్కడికైనా వెళ్లమనే సర్జన్లు, దాచిపెట్టి కొడుక్కి పెళ్లి చేసి వాడు పోయాక కోడల్ని మింగేశావని వెళ్లగొట్టే అత్తమామలు, పిల్లాడిని వేరే బెంచీ మీద కూర్చోబెట్టమని స్కూలు ముందు ధర్నా చేసే తల్లిదండ్రులు, మందులు లేవు మొర్రో అని 2022లో ఢిల్లీలోని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆఫీసు ముందు పాజిటివ్ మనుషులు నెల దాటి కూర్చున్నా పట్టనట్టు పక్క నుంచి వెళ్లిపోయిన దేశం, ఇవన్నీ విని “అయ్యో పాపం” అని పేజీ తిప్పే మీరు.

అవును, మీరే. ఆ వరసలో మిమ్మల్ని కావాలనే చివర పెట్టాను.

తెలుగువాళ్లకు ఇది దూరపు కథ అనుకుంటున్నారా? పులిరాజా గుర్తున్నాడా? 2003 ప్రాంతంలో ఊరూరా హోర్డింగులు. “పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?” ఎవడీ పులిరాజా అని రాష్ట్రమంతా జోకులేసుకుంది. మీరూ వేసే ఉంటారు. జోకుల వెనకాల సంగతేమిటో తెలుసా? 2004–05లో గుంటూరు జిల్లాలో జనం రక్తం తీసి పరీక్షిస్తే పెద్దవాళ్లలో 1.72 శాతానికి హెచ్‌ఐవీ. పొగాకు, మిర్చి, లారీలు, జాతీయ రహదారి, వలస, డబ్బు. అన్నీ కలిసి కోస్తా జిల్లాలు దేశంలోనే ముందు వరసలో నిలబడ్డాయి. మన ఊళ్లే, మన మనుషులే. అప్పుడు “అక్కడి జనం అలాంటివాళ్లు” అనలేదేం?

ఆ గీత తర్వాత దిగింది. దింపింది ఎవరు? మీరూ నేనూ కాదు. తోటి ఆడవాళ్లకు కండోమ్‌లు పంచి పోలీసుల చేత తన్నులు తిన్న సెక్స్ వర్కర్లు. దాబాల దగ్గర లారీ డ్రైవర్లతో సిగ్గు విడిచి మాట్లాడిన కుర్రాళ్లు. ముఖానికి గుడ్డ కప్పుకోకుండా నాకు పాజిటివ్ అని సభలో నిలబడి చెప్పిన వితంతువులు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన మందులు. వాళ్లలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా? ఒక వీధికైనా, ఒక బస్టాపుకైనా పెట్టామా?

దిగింది గానీ పోలేదు. 2023 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో 0.62 శాతం. తెలంగాణలో 0.44. దేశం సగటు 0.20. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి నాలుగు లక్షల మందికి పైగా పాజిటివ్ మనుషులు మీ మధ్యనే బతుకుతున్నారు. మీరు ఎక్కే ఆటోలో, మీరు నిలబడే రేషన్ క్యూలో. మీకు కనబడరు, ఎందుకంటే కనబడితే మీరేం చేస్తారో వాళ్లకు బాగా తెలుసు. ఇంకోపక్క పంజాబ్, త్రిపుర, మేఘాలయ గీతలు 2010 కంటే పైకి లేచాయి. పంజాబ్, త్రిపురల్లో మళ్లీ సూదులే. మళ్లీ “వాళ్లా, తాగుబోతులూ తిరుగుబోతులూ” అనే చప్పరింపే.

ఇప్పుడు అసలు దారుణానికి వస్తాను.

2025 జనవరి 20న అమెరికా కొత్త అధ్యక్షుడు ఒక్క సంతకంతో విదేశీ సహాయం నిలిపేశారు. 2003లో జార్జి బుష్ మొదలుపెట్టి, రెండున్నర కోట్ల ప్రాణాలు కాపాడిందని చెప్పుకునే ఎయిడ్స్ కార్యక్రమం ఒక్కసారిగా తడబడింది. ఆఫ్రికాలో క్లినిక్‌లకు తాళాలు పడ్డాయి. నర్సులకు రేపటి నుంచి రావద్దన్నారు. తర్వాత కొంత కదిలించారు, కొంత కోసేశారు. జూలైకల్లా అమెరికా విదేశీ సహాయ సంస్థనే మూసేశారు. బ్రిటన్ కూడా మేమూ తగ్గిస్తామంది. ఆ అమెరికా డబ్బు పూర్తిగా ఆగిపోయి దాని స్థానంలో ఏమీ రాకపోతే 2029కల్లా అదనంగా 60 లక్షల మందికి సోకుతుందని, 40 లక్షల మంది చనిపోతారని ఐక్యరాజ్యసమితి ముందే హెచ్చరించింది. పదిహేనేళ్లు చెమటోడ్చి దించిన గీత అది!

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లను అడుగుతున్నాను. సిటిజన్‌షిప్ తెచ్చుకున్నారు, ఓటుంది. హెచ్‌1బీ ఫీజు లక్ష డాలర్లు అనగానే రాత్రికి రాత్రి ఎన్ని వాట్సాప్ గ్రూపులు, ఎన్ని జూమ్ మీటింగులు! మంచిదే, తప్పనను. మరి మలావీలో ఒక తల్లికి మందు ఆగిపోతే మీ కాంగ్రెస్ సభ్యుడికి నాలుగు వాక్యాల ఉత్తరం రాశారా? ఏటా జరిగే తెలుగు మహాసభల్లో నగల స్టాళ్లకున్న చోటులో నూరో వంతు దీనికి దొరికిందా?

హైదరాబాద్ వాళ్లనూ వదలను. ప్రపంచంలో పాజిటివ్ మనుషులు మింగే మాత్రల్లో ఎంత భాగం మన దగ్గర తయారవుతుందో తెలుసా? హెటెరో, అరబిందో, విశాఖలో లారస్. ఆరు నెలలకు ఒక్క ఇంజెక్షన్ వేసుకుంటే హెచ్‌ఐవీ రాకుండా ఆపే లెనకపవిర్ వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో దాన్ని వేసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ సోకలేదు. సున్నా! అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్లకు పైన. మన డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఏడాదికి 40 డాలర్లకు ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ఒప్పందాలు కుదిరాయి. అదీ 2027 నుంచి. గర్వపడండి, పడొద్దనను. కానీ ఆ చౌక మందు ఏ 120 దేశాలకు పోవచ్చో గీత గీసింది అమెరికా కంపెనీ. ఆ గీతకు బయట ఎవరున్నారో చూశారా? బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ. ఇదే మందు పరీక్షలకు శరీరాలు అప్పిచ్చిన దేశాలు. కేసులు పెరుగుతున్న లాటిన్ అమెరికా దేశాలు. పరీక్షకు పనికొచ్చిన చెయ్యి వైద్యానికి పనికిరాదా? మన షేర్ మార్కెట్ పేజీలు ఒప్పందం వార్త రాసి షేరు ఎంత పెరిగిందో చెప్పాయి. ఈ ప్రశ్న ఎవరు వేశారు?

ఇక మీ ఇంటి సంగతి.

రోజూ మాత్ర వేసుకునే మనిషి రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గినవాళ్ల నుంచి కాపురం చేసే భాగస్వామికే సోకదు. ఇది ఏళ్ల కిందటే తేలిపోయిన విషయం. మరి మీ గిన్నెలు తోమితే సోకుతుందా? మీ పాపకు లెక్కలు చెబితే సోకుతుందా? ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదని 2017లో పార్లమెంటు చట్టం చేసింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఎవరికైనా తెలుసా?

రేపు పొద్దున ఎవరో వచ్చి మీ పై వాటాలో అద్దెకున్న ఆవిడ గురించి చెవిలో ఒక మాట ఊదుతారు. ఆమెను ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే గది ముందు చూశామని చెబుతారు. ఇల్లు ఖాళీ చేయిస్తారా, చేయించరా?

ఆలోచించి చెబుతానంటారా?

ఆలోచించడానికి ఏముందండీ అందులో?